కబురు ఎవరికి చేరాలో కంపైలర్‌కు తెలియాలి

వీధికి ఒకటో రెండో ల్యాండ్‌లైన్ ఫోన్లు ఉన్న రోజుల్లో చాలామంది తమ చిరునామా కింద పక్కింటివారి నంబరు రాసి, దాని పక్కన పి.పి. అని చేర్చేవారు. ఆ నంబరుకు ఫోన్ చేసినవారు ‘ఫలానా వారిని ఒకసారి పిలుస్తారా’ అని అడగాలి. నంబరు ఒక్కటే ఉంటే కబురు ఇంటిదాకా వెళ్తుంది, మనిషిని చేరదు. సాఫ్ట్‌వేర్‌లో కాల్‌బ్యాక్ అనే ఏర్పాటుకు ఎదురైన చిక్కు కూడా అచ్చంగా ఇదే. సి++ భాషలో ఆ చిక్కును విప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. విప్పిన తీరును మాత్రం మన తరగతి గదులు ఇప్పటికీ పెద్దగా పట్టించుకోవడం లేదు.

కాల్‌బ్యాక్ అంటే ‘పని కాగానే ఈ ఫంక్షన్‌ను పిలువు’ అని ముందుగానే చెప్పి ఉంచడం. తెరమీద బటన్ నొక్కినా, సెన్సర్ నుంచి కొత్త కొలత వచ్చినా, నెట్‌వర్క్ నుంచి సమాచారం అందినా లోపల జరిగేది ఇదే. పాత సి భాషలో ఇది సులువు. క్యూసార్ట్ అనే లైబ్రరీ ఫంక్షన్ ఏ జాబితానైనా క్రమంలో పెడుతుంది. రెండింటిలో ఏది పెద్దదో చెప్పే ఫంక్షన్ చిరునామాను మాత్రం ప్రోగ్రామర్ ఇవ్వాలి. 64 బిట్ల యంత్రంలో ఆ చిరునామా 8 బైట్లు. అంకెలను పోల్చడానికి అంతకుమించి అక్కర్లేదు.

ఆబ్జెక్టులు రంగంలోకి దిగాక లెక్క మారింది. ఒక ప్రయోగశాలలో పది ఉష్ణమాపకాలు ఉన్నాయనుకుందాం. పదీ ఒకే క్లాసుకు చెందిన ఆబ్జెక్టులు, కొలతను నమోదు చేసే ఫంక్షన్ పదింటికీ ఒక్కటే. ‘ఆ ఫంక్షన్‌ను పిలువు’ అంటే సరిపోదు, ఏ ఉష్ణమాపకం తరఫున పిలవాలో కూడా చెప్పాలి. క్లాసు లోపలి ఫంక్షన్‌ను చూపే పాయింటర్ లినక్స్‌లో వాడే జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో 64 బిట్ల యంత్రంపై 16 బైట్లు తీసుకుంటుంది. ఆబ్జెక్టు చిరునామా దానికి అదనం. సి భాష వదిలివెళ్లిన 8 బైట్ల ఖాళీలో ఇవన్నీ ఇమడవు.

దీనికి సి ప్రోగ్రామర్లు కనిపెట్టిన ఉపాయం వాయిడ్ పాయింటర్. ‘ఫంక్షన్ చిరునామాతో పాటు ఈ చీటీ కూడా దగ్గర పెట్టుకో, పిలిచేటప్పుడు తిరిగి ఇవ్వు’ అనడమన్నమాట. చీటీ మీద చిరునామా ఉంటుంది కానీ అది ఎలాంటి వస్తువు చిరునామానో ఉండదు, ఆ రకం పేరును చింపేసి ఇస్తారు. అవతలి ఫంక్షన్ దాన్ని ఉష్ణమాపకం అనుకుని తెరుస్తుంది. అది నిజానికి పీడనమాపకం అయితే కంపైలర్ నోరు మెదపదు. ప్రోగ్రాం నడుస్తుంది, తప్పుడు అంకెను రాస్తుంది. కూలిపోయే ప్రోగ్రాం కంటే ఇలా నమ్మకంగా అబద్ధం చెప్పే ప్రోగ్రామే ప్రమాదకరం.

రెండో దారి పాఠ్యపుస్తకాలకు ఇష్టమైన వారసత్వం. వినేవారందరికీ ఒక మూల క్లాసు పెట్టి, అందులో ఒక వర్చువల్ ఫంక్షన్ ఉంచుతారు. కబురు కావాలనుకున్న ప్రతి క్లాసూ ఆ కుటుంబంలో పుట్టాలి. ఇది చెడ్డ పద్ధతేమీ కాదు. కణాలు పదార్థం గుండా వెళ్లే తీరును అనుకరించే జియాంట్4 సాఫ్ట్‌వేర్ 1998 డిసెంబరులో తొలిసారి విడుదలైంది. కణ భౌతికశాస్త్రంతో పాటు వైద్య రేడియేషన్, అంతరిక్ష పరిశోధనల్లోనూ దాన్ని వాడతారు. కణం ఒక్కో అడుగు వేసినప్పుడల్లా ఏం చేయాలో పరిశోధకులు స్టెప్పింగ్ యాక్షన్ అనే మూల క్లాసు నుంచి తమ క్లాసును పుట్టించి రాస్తారు. అక్కడ ఆ బంధుత్వం సహజమే. కానీ ఒకే తెరమీద ‘మొదలుపెట్టు’, ‘ఆపు’ అని రెండు బటన్లు ఉంటే? రెండూ ఒకే పేరున్న వర్చువల్ ఫంక్షన్‌నే పిలుస్తాయి. లోపలికి వచ్చాక ‘నొక్కింది ఏ బటన్?’ అని విడిగా తేల్చుకోవాలి. పైగా ఒక్క కబురు అందుకోవడానికి క్లాసు తన వంశాన్నే మార్చుకోవాల్సి రావడం కొంచెం విడ్డూరం. పేపరు వేయించుకోవడానికి పేపరు అబ్బాయితో వియ్యం అందుకోనక్కర్లేదు కదా.

మూడో దారి టెంప్లేట్లు. బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టిన భాషలోకి ఇవి కొంత ఆలస్యంగా వచ్చాయి. వాటి రూపకల్పనను ఆయన 1988లో బయటపెట్టారు. టెంప్లేటు అంటే రకం పేరు నింపాల్సిన చోట ఖాళీ వదిలిన అచ్చు. అవసరమైన రకానికల్లా కంపైలరే ఒక ప్రతి తయారుచేస్తుంది. దీన్ని కాల్‌బ్యాక్‌లకు వాడే పద్ధతిని 1994లో రిచ్ హికీ ఒక వ్యాసంలో వివరంగా రాశారు. ఆ తర్వాత క్లోజర్ అనే వేరే భాషను సృష్టించింది కూడా ఆయనే.

ఆ పద్ధతిలోని కిటుకు ఒక దుబాసీ. పిలిచే బటన్‌కు తెలియాల్సింది ఒక్కటే, ఏ రకం సమాచారం పంపాలి అన్నది. వినే ఆబ్జెక్టు ఏ క్లాసుదో దానికి అనవసరం. ఆబ్జెక్టునూ దాని ఫంక్షన్‌నూ జతచేసిన క్షణంలో ఆ రెండింటి అసలు రకాలు కంపైలర్‌కు తెలుసు. అప్పుడే ఆ జతకు సరిపోయే చిన్న ఫంక్షన్‌ను టెంప్లేటు నుంచి అచ్చు వేస్తుంది. ఇది వాయిడ్ పాయింటర్ లాంటి చీటీనే అందుకుంటుంది, కానీ చింపేసిన పేరు ఏమిటో దీనికి తెలుసు. చీటీని సరైన రకంలోకి మార్చి, సరైన ఆబ్జెక్టు మీద సరైన ఫంక్షన్‌ను పిలుస్తుంది. బయటివారికి కనిపించేది అందరికీ ఒకే రకంగా ఉండే ఒక పెట్టె. పాత ఉపాయంలో ప్రోగ్రామర్ మాటను నమ్మి చేసిన మార్పిడిని ఇక్కడ కంపైలర్ తనిఖీ చేసి చేస్తుంది. రకాలు కలవకపోతే ప్రోగ్రామే తయారవదు. 2011 ప్రమాణంలో ఈ ఆలోచన ఫంక్షన్ అనే టెంప్లేటుగా సి++ లైబ్రరీలోకి చేరింది. అదే ఏడాది లాంబ్డాలు కూడా వచ్చి రాత పనిని తగ్గించాయి.

ఈ తేడా ఎంతటిదో క్యూట్ అనే లైబ్రరీ చరిత్రలో కనిపిస్తుంది. నార్వేలో పుట్టి 1995లో బయటికి వచ్చిన ఈ లైబ్రరీతో నేడు కార్ల డ్యాష్‌బోర్డుల నుంచి వైద్య పరికరాల తెరల దాకా తయారవుతున్నాయి. అప్పటి కంపైలర్లు టెంప్లేట్లను సరిగా జీర్ణించుకునేవి కావు. అందుకే క్యూట్ తన సొంత సాధనం ఒకటి పెట్టుకుని, కాల్‌బ్యాక్‌లను పేర్ల ఆధారంగా కలిపేది. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్‌కు పట్టేది కాదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎక్కడో ఒక హెచ్చరిక వాక్యం పడేది. ఎవరూ చూడకపోతే బటన్ బటన్‌లాగే ఉండేది, నొక్కితే మాత్రం ఏమీ జరిగేది కాదు. 2012 డిసెంబరులో వచ్చిన క్యూట్ 5 టెంప్లేట్ల ఆధారంగా కొత్త పద్ధతిని చేర్చింది. దీంతో అదే తప్పు ప్రోగ్రామర్ బల్లమీదే పట్టుబడుతుంది. రోగి పక్కన నిలబడ్డ నర్సు నొక్కిన బటన్ పలకకపోవడం, ప్రోగ్రామర్ అరగంట విసుక్కోవడం: ఈ రెండిట్లో ఏది మేలో వాదించాల్సిన పనిలేదు.

టెంప్లేట్లంటే గిట్టనివారి ఫిర్యాదులు అబద్ధాలు కావు. చిన్న పొరపాటుకు పేజీలకొద్దీ దోష సందేశాలు వస్తాయి. కంపైల్ కావడానికి సమయం పెరుగుతుంది. జతకొక దుబాసీ చొప్పున ప్రోగ్రాం పరిమాణమూ పెరగవచ్చు, కొన్ని కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న మైక్రోకంట్రోలర్‌లో అది చిన్న విషయం కాదు. సి++20లో వచ్చిన కాన్సెప్టులు సందేశాల బాధను కొంత తగ్గించాయి, పూర్తిగా పోగొట్టలేదు. అయినా ఈ బాధలన్నీ రాసేవారివి. వాయిడ్ పాయింటర్ బాధ వాడేవారిది. తూకం అక్కడే తేలిపోతుంది.

టెంప్లేట్లు కాపాడలేని చోటు ఒకటుంది, వాటిని మెచ్చుకునేవారు దీన్ని తరచుగా దాటవేస్తారు. పి.పి. నంబరు ఇచ్చిన మనిషి అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే? నంబరు సరైనదే, పేరూ సరైనదే, మనిషే లేడు. కాల్‌బ్యాక్ పెట్టెలో ఆబ్జెక్టు చిరునామా ఉంటుంది, ఆబ్జెక్టు మాత్రం ఈలోగా నశించి ఉండవచ్చు. ఆ చోట ఇప్పుడు వేరే సమాచారం కాపురం ఉంటుంది. చుట్టూ ఉన్న చలరాశులను రిఫరెన్సుగా పట్టుకునే లాంబ్డాలతో ఈ తప్పు మరీ తేలిక. రకాల తనిఖీ దీన్ని ఆపలేదు, ఎందుకంటే రకం మారలేదు, కాలం మారింది. కబురు అందుకోవాల్సిన ఆబ్జెక్టును తెలియజేస్తే, అది నశించగానే సంబంధాన్ని తెంచేసే వీలు క్యూట్‌లో ఉంది. వీక్ పాయింటర్‌తో ‘ఉన్నారా?’ అని ముందు అడిగి ఆ తర్వాతే పిలవడం మరో మార్గం. రెండూ ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని చేయాల్సినవే.

తెలుగు రాష్ట్రాల్లోని ఎన్నో కళాశాల ల్యాబుల్లో విద్యార్థులు ఏళ్ల తరబడి నేర్చుకున్నది 1998 ప్రమాణానికి ముందునాటి టర్బో సి++ మీద. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటే జంతువు, దాని నుంచి కుక్క, పిల్లి అనే వారసత్వ పాఠమే వారికి మిగిలింది. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. అక్కడి సమాచార విశ్లేషణకు వాడే రూట్ సాఫ్ట్‌వేర్‌లో ఘటనలను వడపోసే షరతును లాంబ్డాగా రాసి అందించవచ్చు. భౌతికశాస్త్రం చదివి ఆ దారిన వెళ్లే విద్యార్థికి అది మాయలా కనిపించకూడదు. దీనికి సిలబస్ అంతా తిరగరాయనక్కర్లేదు, రెండు గంటల ల్యాబ్ చాలు. రెండు ఉష్ణమాపకాలు, ఒక గడియారం, అన్నిటికీ కబుర్లు పంపే ఒక చిన్న క్లాసు. మొదట వాయిడ్ పాయింటర్‌తో రాయించి, కావాలనే తప్పు రకం ఇప్పించి, వచ్చిన అంకెను నోటుబుక్కులో రాయించాలి. తర్వాత టెంప్లేటుతో రాయించి అదే తప్పు మళ్లీ చేయించాలి. చివరగా ఒక ఉష్ణమాపకాన్ని మధ్యలో తొలగించి, గడియారాన్ని అలాగే నడవనివ్వాలి.