దేవుని తోడు, ఒక్క మాత్ర తప్పలేదు



తొలకరి వాన పడిందంటే జొన్నగిరి చేలల్లో తలలు వంచుకొని నడిచే మనుషులే కనిపిస్తారు. వజ్రం దొరుకుతుందేమోనని ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుండే గాక పక్క జిల్లాల నుండి కూడా సద్దిమూట కట్టుకొని వస్తారు. రాయి దొరికినవాడు మొదట అనే మాట "దేవుడిచ్చినాడు". బేరానికి కూర్చున్నప్పుడు వచ్చే మాట "దేవుని తోడు". అమ్మేవాడూ అదే అంటాడు, కొనేవాడూ అదే అంటాడు. ఇద్దరి ధరలు మాత్రం కలవవు. వజ్రాల సంగతి ఆసుపత్రి వారికెందుకు అనుకుంటారేమో. ఆ "దేవుని తోడు" మా ఓపీ గదిలోనికి కూడా వస్తుంది. అందుకే ఈ నెల దానిని గూర్చి రాస్తున్నాము.

క్షయకు మామూలుగా ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు. రెండవ నెలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, అన్నం సయిస్తుంది. రోగం పోయిందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే సుగ్గి కాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరుతారు. మాత్రలు మాత్రం ఇంట్లో దూలానికి వేలాడుతున్న సంచిలోనే ఉండిపోతాయి.

అలా వెళ్ళి వచ్చిన ఒక సహోదరుడు మా ఎదుట కూర్చొని, అడగక ముందే "దేవుని తోడు సార్, ఒక్క మాత్ర తప్పలేదు" అన్నాడు. కళ్ళె పరీక్షలో క్రిములు కనబడినవి. వెంట వచ్చిన భార్య ఏమీ మాట్లాడక, చెంగు చాటున దాచిన నిండు అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. (ఈ మందులలోని రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగుకు మారుస్తుంది. అది హాని కాదు, భయపడవద్దు. మాత్ర వేసుకున్నారో లేదో చాలాసార్లు ఆ రంగే చెప్పేస్తుంది, ఒట్టు అక్కరలేదు.)

ఆ తరువాత మేము చేసినది కూడా చెప్పాలి. "దేవుని పేరున అబద్ధమా, నీవు విశ్వాసివేనా?" అని వరుసలో కూర్చున్నవారందరూ వినేటట్టు కేకలు వేశాము. ఆ ఉదయమే వార్డులో ప్రార్థన చేసి వచ్చిన నోరు అది. సాయంత్రం పాత చీటీలు తిరగేస్తే, అంతకు ముందు వచ్చినప్పుడు ఆయన నాలుగు రోజులు మందు మానినట్టు నిజమే చెప్పుకున్నాడని కనబడింది. ఆ రోజు కూడా తిట్టే పంపించాము. నిజం చెప్పి తిట్లు తిన్నవాడు రెండవసారి ఒట్టు పెట్టుకోవడం నేర్చుకుంటాడు. ఆయనకు ఆ ఒట్టు నేర్పినది మేమే.

దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉన్నది. బూతులాడకపోతే ఆ ఆజ్ఞ గైకొన్నట్టే అని మనలో చాలామంది తలంపు. మా అభిప్రాయం అది కాదు. మన మాటకు బలం చాలనప్పుడు దేవుని పేరును ముట్టుగా పెట్టడమే అసలు వ్యర్థం. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు ఒట్టే వద్దన్నాడు, అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండమన్నాడు. ఫోను ఎత్తి "ప్రైజ్ ది లార్డ్" అని, ఆ వెంటనే పక్కనున్న బిడ్డతో "నేను ఊర్లో లేనని చెప్పు" అనే ఇళ్ళు మనలో ఎన్ని లేవు?

యూదులు లేఖనాలు చదివేటప్పుడు దేవుని నామము వచ్చిన చోట దానిని పలుకక "అదోనాయ్", అనగా ప్రభువు, అని చదువుతారు. (మన ఆదోనికి దీనికి చెవికి వినిపించే పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. వార్డులో ఒక పెద్దాయన గట్టిగా వాదించినందున ఇది రాస్తున్నాము.) మన తెలుగులోనేమో పాస్టరుగారిని "అయ్యగారు" అంటాము, డాక్టరును "సార్" అంటాము, దేవుణ్ణి "నీవు" అంటాము. ఇది భయభక్తులు తగ్గడమేనని కొందరు పెద్దలు బాధపడతారు. మాకు అందులో తప్పు కనబడదు. బిడ్డ తల్లిని "నువ్వు" అనే పిలుస్తాడు. పరలోకపు తండ్రిని "నీవు" అన్న నోటితోనే బయట బెంచీ మీది అవ్వను "ఏయ్ ముసల్దానా, జరుగు" అనడమే మాకు కనబడే తప్పు. ఒకే నాలుకతో తండ్రిని స్తుతించి, ఆయన పోలికెగా పుట్టిన మనుషులను శపించడం తగదని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో రాసినది ఇదే. మా సిబ్బందిలో ఇది ఉన్నది, దాచము.

జొన్నగిరి దాపున ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. వాటిలో పన్నెండవది మాటను అదుపులో పెట్టుకోమంటుంది. తన మతాన్ని పొగుడుకోవడానికి ఇతరుల మతాన్ని కించపరచవద్దంటుంది. ఆయన మన దేవుణ్ణి ఎరిగినవాడు కాడు. అయినా మన వార్డులో ఒక మంచాన బైబిలు, పక్క మంచాన తాయెత్తు ఉంటాయి గనుక ఆ మాట మాకు గుర్తు చేసుకోదగినదే.

ఇంకొక మాట మమ్మును మరీ బాధిస్తుంది. కాన్పులో బిడ్డ పోయిన తల్లి దగ్గర కూర్చొని "ఏం పాపం చేసినావో తల్లీ" అనడం. పరామర్శకు వచ్చిన మన సంఘ స్త్రీలే అంటారు. పుట్టు గుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్న అదే కదా. వీడైనను, వీని కన్నవారైనను పాపం చేసినందున కాదని ప్రభువు చెప్పాడు. దేవుడు చెప్పని తీర్పును దేవుని పేరున చెప్పడం ఒట్టు కంటే తేలిక తప్పు కాదు. పరామర్శకు వచ్చినవారు ఆ తల్లి చెయ్యి పట్టుకొని ఊరకే కూర్చున్నా చాలు.

ఇప్పుడు మా ఓపీలో ఎవరినీ ప్రమాణం చేయమని అడగము. "మందు సరిగా వేసుకున్నావా?" అనడం కూడా మానివేశాము. "ఈ వారం ఎన్ని మిగిలినాయన్నా?" అని అడుగుతాము. మిగిలినవి చెప్పినందుకు ఎవరూ కసరరు. సుగ్గికి పోయేవారు వారం ముందే చెప్పండి. మీ పేరు ప్రభుత్వ నిక్షయ్ నమోదులో ఉంటుంది గనుక, మీరు పోయే ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే మందు అందేటట్టు మార్పిస్తాము. పోషణ కొరకు ప్రభుత్వం ఇచ్చే నెల సొమ్ము 2024 నవంబరు నుండి 500 కాక 1000 రూపాయలు. అది మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

ఆ సహోదరుని కళ్ళెకు సీబీనాట్ పరీక్ష చేయించాము. రిఫాంపిసిన్‌కు లొంగే క్షయే అని తేలింది. మందు మొదటి నుండి మళ్ళీ మొదలుపెట్టాము. పోయిన వారం వచ్చి కుర్చీలో సర్దుకొని, మా ముఖం చూసి, "రెండు తప్పినాయి సార్. ఆదివారం, సోమవారం. ఎమ్మిగనూరులో పెండ్లికి పోయింటిమి" అన్నాడు. మేము చీటీ మీద రెండు అని రాసుకొని, తరువాతి వారానికి మాత్రలు ఇచ్చి పంపాము.