ఏనుగును కొనుట - ఏనుగును మేపుట

ఏనుగు నిచ్చి అంకుశము దగ్గర పేచీ పెట్టినట్లని మనలో నొక సామెత గలదు. ఈ కాలమున ఆ సామెతను కొంచెము తిరుగవేసి చెప్పుకొనవలసి వచ్చుచున్నది. ఏనుగును మక్కువపడి కొని తెచ్చి వాకిట కట్టి, తరువాత మేత ప్రియమైనదని వీధివీధిని వాపోవువారు నేడు మన నడుమ పెక్కండ్రు గలరు. ఆ ఏనుగు పేరు ఎస్.యు.వి. దాని మేత పెట్రోలు, డీజిలు.

ఇటీవల నొక వివాహమునకై పల్లెకు వెళ్ళితిని. నేను బస్సు దిగి నడచి పెండ్లివారి యింటికి చేరునప్పటికి, నా పూర్వ శిష్యుడొకడు ఏడుగురు కూర్చుండదగిన పెద్ద కారులో ఒక్కడే వచ్చి దిగెను. నమస్కరించి, క్షేమసమాచారములు ముగియకముందే, "మాస్టారూ, ఈ చమురు ధరలతో బతకలేకపోతున్నామండి. ట్యాంకు నింపితే ఆరువేలు ఎగిరిపోతున్నాయి" అనెను.

వాని మాటలో అసత్యము లేదు. అయినను అందు సత్యమంతయు లేదు. నేను ఉపాధ్యాయుడను గావున నా ఆలోచన లెక్కల రూపమున సాగినది. ఆ లెక్కలనే పాఠకుల ముందుంచుచున్నాను.

మొదట వాని పక్షమున చెప్పవలసినది చెప్పుదము. మన దేశమునకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశముల నుండి వచ్చుచున్నది. పశ్చిమాసియాలో ఎచ్చటనో యుద్ధము పుట్టినను, రూపాయి విలువ తగ్గినను ఆ సెగ మన యూరి పెట్రోలు బంకునకు తగులును. ఇది క్రొత్త సంగతి కాదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు కొన్ని దేశములకు చమురు నాపివేసినప్పుడు, సుమారు 3 డాలర్లుండిన పీపా ధర 1974 ఆరంభమునకు 12 డాలర్ల దరిదాపులకు ఎగబ్రాకెను. 1973 నవంబరులో పెట్రోలు ధర పెంపునకు నిరసనగా అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండి నెక్కి పార్లమెంటునకు వచ్చిరి.

ప్రభుత్వముల పాత్రయు తక్కువది కాదు. 2020లో కరోనా భయముచే లోకమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ముడి చమురు ధర నేలకు దిగెను. ఆ లాభము కొనువానికి అందలేదు. ఆ మే నెలలో కేంద్రము లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకము హెచ్చించెను. చమురు మరల ప్రియమైన పిమ్మట, 2021 జూనులో హైదరాబాదున లీటరు పెట్రోలు 100 రూపాయలు దాటెను. 2021 నవంబరులోను, 2022 మే నెలలోను సుంకమును కొంత తగ్గించిరి. రాష్ట్రములు విధించు పన్ను వేరుగ నుండనే యున్నది. కావున ధరను గూర్చి పౌరుడు ప్రశ్నించుట న్యాయమే.

అయితే ధర యొక్కటియే ఖర్చు కాదు. ధరను పరిమాణముచే గుణించిన గాని ఖర్చు రాదు. ధర మన చేతిలో లేదు. పరిమాణము చాలవరకు మన చేతిలోనిదే. నా శిష్యుడు మొదటిదానిని నిందించి, రెండవదానిని మరచినాడు.

ఆ కారు బరువు సుమారు రెండు టన్నులు, అనగా 2,000 కిలోలు. అందు ప్రయాణము చేసిన మనిషి బరువు 70 కిలోలు. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో అధిక భాగము వేడియై గాలిలో కలసిపోవును. చక్రములకు చేరునది నాలుగవ వంతు మాత్రమే యనుకొందము. 100 రూపాయల ఇంధనములో 25 రూపాయల పాటి శక్తి చక్రములను త్రిప్పును. ఆ 25 రూపాయలను బరువును బట్టి పంచినచో, మనిషి వంతునకు వచ్చునది సుమారు 85 పైసలు! తక్కిన దంతయు ఇనుమును మోయుటకును, వేడిని పుట్టించుటకును వ్యయమైనది. పట్టణములో ప్రతి కూడలి దగ్గరను బ్రేకు వేయుదుము. రెండు టన్నుల ఇనుమును పరుగెత్తించుటకై వెచ్చించిన శక్తి యంతయు ఆ క్షణమున బ్రేకులలో వేడిగా మారి పోవును. దీపము పచ్చబడగనే మరల మొదటికి వచ్చి వెచ్చింపవలయును. భౌతికశాస్త్రపు పుస్తకములో గతిశక్తిని గూర్చి బోధించునపుడు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇంకొక లెక్క విద్యార్థుల కీయదగినది. లీటరునకు 10 కిలోమీటర్లు నడచు బండిని విడిచి 12 నడచు దానిని కొనువాడొకడు. 20 నడచు దానిని విడిచి 25 నడచు దానిని కొనువాడొకడు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగినచో ఎవనికి ఎక్కువ ఆదా? అయిదు రెండుకంటె పెద్దది గనుక రెండవవానికే యని తరగతిలో సగముమంది చేతు లెత్తుదురు. లెక్కవేసి చూడుడు. రెండవవాడు 50 లీటర్ల నుండి 40కి దిగి 10 లీటర్లు మిగుల్చును. మొదటివాడు 100 నుండి సుమారు 83కు దిగి 17 లీటర్లు మిగుల్చును. అనగా దుబారా మిక్కుటముగ నున్నచోటనే కొద్దిపాటి దిద్దుబాటు గొప్ప ఫలము నిచ్చును. లీటరు డీజిలు కాలినపుడు సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఆ లెక్కకు ధరతో పనిలేదు.

ఈ ఏనుగులు మన వీధులలోనికి ఎట్లు వచ్చినవి? లారీలకు, బస్సులకు, రైతుల ట్రాక్టర్లకు భారము కాకూడదని ప్రభుత్వము చాలకాలము డీజిలు ధరను అదుపులో నుంచినది. 2010 జూనులో పెట్రోలు ధరకు కట్టు విడిచి, డీజిలుకు విడువలేదు. 2012 నాటికి ఢిల్లీలో రెంటి నడుమ లీటరుకు సుమారు 30 రూపాయల యంతర మేర్పడెను. రైతు పేరిట ఇచ్చిన రాయితీని పెద్ద డీజిలు కారుల యజమానులును హాయిగ అనుభవించిరి. 2014 అక్టోబరులో డీజిలుకును కట్టు విడిచిరి. చౌక మేతను చూచి ఏనుగును కొన్నవారు అప్పుడు మేలుకొనిరి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతమున 2,000 సి.సి.కి మించిన డీజిలు కారుల రిజిస్ట్రేషను నాపి, 2016 ఆగస్టులో ఒక శాతము హరిత సుంకము విధించి విడిచెను. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కారులపై అన్ని పన్నులు కలిసి 50 శాతముండినది 40 శాతమయ్యెను. ఏనుగు వెల తగ్గినది, మేత తగ్గలేదు.

అమెరికా మనకంటె ముందు ఈ పాఠమును చదివినది, చదివి మరచినది. 1973 నాటి కరవు తరువాత 1975లో కారులు లీటరునకు ఎక్కువ దూరము నడువవలెనని అచ్చట శాసనము చేసిరి. కాని సరకుల ట్రక్కులకు సులువైన నియమములు పెట్టిరి. ఆ సందులో నుండి, ట్రక్కుగా లెక్కకు వచ్చుచు కారుగా అమ్ముడుపోవు పెద్ద బండ్లు లక్షలుగా పుట్టినవి. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లకు ఎక్కినప్పుడు వాటిని కొనువారు కరవైరి. సైనిక వాహనపు పోలికగల హమ్మరు అను బండి పేరే 2010లో అంగడి నుండి తొలగినది. చమురు చౌకైనంతనే జనులు మరల పెద్దవానికే ఎగబడిరి. 2022 జూనులో గ్యాలను పెట్రోలు సగటున 5 డాలర్లు దాటినప్పుడు మరల అదే ఆక్రోశము.

పెద్ద కారువారి వాదములను కూడ వినవలయును. కుటుంబము పెద్దదందురు. నిజముగా ఏడుగురు నిత్యము ప్రయాణించు ఇంట ఆ బండి దుబారా కాదు. రెండు చిన్న కారులకంటె పొదుపు. కాని సంవత్సరమునకు రెండుమార్లు తిరుపతికి పోవుటకై మూడువందల అరువది దినములు ఏడు పీఠములను మోసికొని తిరుగుట యేల? ఆ రెండు దినములకు అద్దె బండి చాలును. మన్యపు దారులలో తిరుగు వైద్యునకు ఎత్తైన బండి అవసరమే. బంజారా హిల్సులో తిరుగువానికి ఆ అవసరము లేదు. విద్యుత్తు బండి కొందుమందురు. మంచిదే, కాని బరువుకు సుంకము అచ్చటను తప్పదు.

ఇక భద్రత. లోపల కూర్చున్నవారికి బరువైన బండి కొంత రక్ష యనుట నిజమే. వెలుపల నున్నవాని మాట యేమి? ముందు భాగము ఎత్తుగ నుండు వాహనములు పాదచారులను ఢీకొన్నపుడు మరణములు గణనీయముగ హెచ్చుచున్నవని 2023లో అమెరికా రహదారి భద్రతా పరిశోధకులు తేల్చిరి. మన పాఠశాల విడిచిన వేళ వీధిలో నడచు పిల్లవాని తల ఆ బండి ముందుభాగపు ఎత్తున నుండును. మన పిల్లల రక్షణకై కొన్నది ఇతరుల పిల్లలకు భయకారణము కారాదు గదా.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేరొకటి గలదు. చమురు ధర పెరిగినపుడు పెద్ద కారువాడు గట్టిగ మొరపెట్టును; కాని ఎక్కువ నష్టపడువాడు వాడు కాదు. ఆయిలింజనుతో మడికి నీరు తోడు కౌలురైతు, లారీ బాడుగ పెరిగినందున కూరగాయలకు హెచ్చు చెల్లించు గృహిణి, పిల్లలను బడికి చేర్చు ఆటోవాడు - వీరు ఏ ఏనుగును కొనలేదు. అయినను మేత ఖర్చులో పాలుపంచుకొనుచున్నారు. తగ్గించుకొన వీలున్నవాడు తగ్గించుకొనక పోవుటయే ఇందలి అన్యాయము.

నా శిష్యుని ఈ మాటలే అడిగితిని. "నాయనా, ఒక్కడివే తిరగడానికి ఇంత బండి ఎందుకురా?" వాడు కొంతసేపు ఊరకుండి, "నిజం చెప్పమంటారా మాస్టారూ? చిన్న కారులో వస్తే మా అత్తవారి ఊళ్ళో లెక్కచేయరండి. ఇంకా నాలుగేళ్ళు వాయిదాలు కట్టాలి" అనెను. నాకు వానిపై కోపము రాలేదు. నాపైననే కొంత వచ్చినది. మనిషి విలువను వాని బండి కొలతతో కొలువరాదని ఆ పిల్లవానికి బోధింపవలసిన పదేండ్లు వాడు మా చేతులలోనే యుండెను గదా. నేటికిని మన బడులలో "సార్, మీకు కారు లేదా?" అని అడుగు పిల్లలున్నారు. మనము సిగ్గుపడుచు మాట మార్చుచున్నాము. "నాకు బస్సు చాలును" అని తలయెత్తి చెప్పిననాడు ఒక పాఠము చెప్పినవారమగుదుము.

ఆ సాయంకాలము వాడు నన్ను బస్సు ఎక్కనీయలేదు. "రండి మాస్టారూ, ఖాళీయే కదా" అనెను. పెండ్లికి వచ్చిన ముసలి దంపతులను, పట్టణమున చదువుకొను ఇద్దరు బాలికలను కూడ ఎక్కించుకొంటిమి. ఆరుగురము బయలుదేరితిమి. దారి పొడుగునను వాడు చమురు ధర మాట యెత్తలేదు. ఆ ఒక్క పూట ఆ ఏనుగు తాను తిన్న మేతకు తగిన పని చేసినది.