మన పిల్లలు ఆపరేటర్లుగానే మిగిలిపోవాలా?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో సి.ఎన్.సి. లేత్ ముందు నిలబడే కార్మికుడు రోజూ ఒక కంప్యూటర్ ప్రోగ్రామును కళ్లారా చూస్తూనే ఉంటాడు. జి01 అంటే టూల్ సరళరేఖలో కోస్తూ సాగాలని, ఎం03 అంటే స్పిండిల్ తిరగాలని, ఎం30 అంటే ప్రోగ్రాము ముగిసిందని యంత్రానికి ఆజ్ఞ. ఆ ఆజ్ఞలు రాసేవాడు ఒకడు, మీట నొక్కేవాడు మరొకడు. ఇద్దరి జీతమూ ఒకటి కాదు, గౌరవమూ ఒకటి కాదు. మీట నొక్కే వరుసలో మన బస్తీల బిడ్డలు ఎందరో కనిపిస్తారు. రాసే వరుసలో ఎందరున్నారు?

మైనారిటీ సంక్షేమం అనగానే పాలకులకు గుర్తొచ్చేది కుట్టుమిషను, డ్రైవింగ్ శిక్షణ, మహా అయితే 'కంప్యూటర్ ఆపరేటర్' కోర్సు. అక్కడా ఆపరేటరే! మన పెద్దలేమైనా తక్కువ తిన్నారా? 'అల్గారిథమ్' అన్న మాట తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్-ఖ్వారిజ్మీ పేరు నుంచే పుట్టిందని ప్రతి సభలోనూ మురిసిపోతారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది ఈ వరస. సభ జరిగిన షాదీఖానా పక్క గల్లీలోనే కీబోర్డు మీద వేలు పెట్టని ఏడో తరగతి అమ్మాయి ఉంటుంది.

జాతీయ విద్యావిధానం 2020లో ఆరో తరగతి నుంచే కోడింగ్ అని ప్రకటించింది. రెండేళ్లకు, 2022లో, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ విద్యార్థులకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని కేంద్రం ఆపేసింది. విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నది దాని వాదన. ఆ చట్టం బస్తీ ఇంట్లోకి కంప్యూటర్ తెచ్చిందా? ఈలోగా ఆ ఖాళీలోకి వ్యాపారం దూరింది. 2020లోనే వైట్‌హ్యాట్ జూనియర్ అనే కంపెనీని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మీ పిల్లవాడు వెనకబడిపోతాడని తల్లిదండ్రులను బెదిరించడమే ఆ సరుకు అమ్మే పద్ధతి. కేరళ ఆ దారి పట్టలేదు. ప్రభుత్వ పాఠశాలల్లోనే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పింది; 2018 నుంచి 'లిటిల్ కైట్స్' క్లబ్బులు నడుపుతోంది.

ఫోన్ ఉందిగా అంటారు. ఫోన్ చూడడానికి పనికొస్తుంది; పిల్లవాడు కూర్చుని రాయడానికి కీబోర్డు కావాలి. ఇంగ్లీషు రాదుగా అంటారు. పైథాన్ భాషలో తప్పనిసరిగా తెలియవలసిన ఇంగ్లీషు మాటలు 35. తర్కాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చెప్పవచ్చు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకైతే అదీ అక్కరలేదు. బొమ్మ ముక్కలు పేర్చినట్టు ఆజ్ఞలు పేర్చే స్క్రాచ్ ఉంది. పైసా ఖర్చు లేదు, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది.

పన్నెండేళ్ల పిల్లకు మొదటి లెక్కగా ఏమివ్వాలి? నన్నడిగితే, నాన్న ఓవర్‌టైము ఇవ్వాలి. వారానికి 48 గంటలు, అంటే ఆరు రోజుల పనిలో రోజుకు ఎనిమిది గంటలు దాటితే ప్రతి గంటకూ రెట్టింపు కూలి అన్నది చట్టం. గంటకు 60 రూపాయల చొప్పున పన్నెండు గంటల డ్యూటీకి 960 రావాలి. మామూలు కూలే కడితే 720. ఎనిమిది కంటే ఎక్కువైతే ఇలా, కాకుంటే అలా అని ఆ అమ్మాయి రాసేవి నాలుగు వరుసలే. నెలకు 26 రోజులంటే తేడా 6,240 రూపాయలని తెర మీద కనిపించాక ఆ ఇంట్లో ప్రోగ్రామింగ్ ఎందుకని ఎవరూ అడగరు. కాంట్రాక్టరే అడుగుతాడు, ఈ లెక్క ఎవరు చేశారని.

కాబట్టి అడగవలసింది దయ కాదు. మైనారిటీ గురుకులాలు 2016లో మొదలయ్యాయి. వాటి టైంటేబుల్‌లో ప్రోగ్రామింగ్‌కు వారానికి ఎన్ని గంటలు, ఎవరు నేర్పుతున్నారు అన్నది తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పాలి. సంగారెడ్డి పొలిమేరలోని కందిలో ఐఐటీ ఉంది. ప్రజల సొమ్ముతో నిలిచిన ఆ సంస్థ ఆదివారాల్లో కొందరు విద్యార్థులను బస్తీలకు పంపితే కరిగిపోదు. ఉర్దూఘర్-షాదీఖానాలు ప్రభుత్వ ధనంతో కట్టినవే, పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. ఒక గది, నాలుగు పాత కంప్యూటర్లు, సాయంత్రం రెండు గంటలు కూర్చునే ఒక డిగ్రీ విద్యార్థి చాలు మొదలుపెట్టడానికి. మీ ఊరి షాదీఖానా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. పదిమంది పిల్లల పేర్లు, వారిలో సగం అమ్మాయిలవి, కాగితం మీద రాసుకుని వెళ్లి ఆ తాళం అడగండి.