మూలికకును రోగికిని నడుమ

వానకాలమున పుంగనూరు, కుప్పము ప్రాంతపు వేరుసెనగ చేలలో కలుపుతోపాటు పెరికివేయబడు నేల ఉసిరి, ఆకుల క్రింద ఆవగింజలవంటి కాయలను బారులుగా మోయు ఆ చిన్న మొక్క, పచ్చకామెర్లకు మందుగా మన పసరువైద్యులకు తరతరములుగా పరిచితము. 1988లో మద్రాసుకు చెందిన త్యాగరాజన్ బృందము, హెపటైటిస్-బి వైరసును రక్తమున మోయుచున్న 37 మందికి దీని పొడి నీయగా 22 మందిలో ఆ వైరసు చిహ్నము మాయమైనదనియు, ఉత్తగుళిక మ్రింగిన 23 మందిలో ఒక్కనియందే మాయమైనదనియు లాన్సెట్ పత్రికలో ప్రకటించినది. అన్యదేశములలో పిమ్మట జరిగిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. జాతిభేదమా, నేలభేదమా, కోసిన ఋతువు భేదమా యని తర్కములు చెలరేగినవి. ఒకే పేరున అంగడిలో అమ్ముడగు నేల ఉసిరి నిజమునకు పలుజాతుల కలగాపులగమగుటచే ఆ తర్కము నేటికిని అర్థవంతమే.

మన విశ్వవిద్యాలయములలో తరచుగా జరుగునదేమనగా, ఆకును నీడన ఎండబెట్టి, పొడిగొట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారమును సూక్ష్మజీవులు పెరుగు పళ్ళెములో వేసి, చుట్టు నేర్పడిన ఖాళీ వలయమును మిల్లీమీటర్లలో కొలిచి సిద్ధాంతగ్రంథము సమర్పించుట. చిక్కని సారమైనచో వలయము వంటింటి లవంగముతోను వచ్చును! సారమునందలి వందలాది పదార్థములలో పనిచేయునదేదో విడదీయుట, దాని విషగుణమును తేల్చుట, మోతాదును నిర్ణయించుట, ఇదియే అసలు శ్రమ. పట్టము మాత్రము అంతకు ముందే చేతికందును. ఆ శ్రమ పరులపాలగుటకు సర్పగంధి ఉదాహరణము: వేరు మనది. 1949లో రక్తపోటు రోగులపై దాని ఫలితములను ప్రచురించినవాడు బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్. కాని 1952లో అందుండి పనిచేయు పదార్థమగు రెసర్పిన్‌ను వేరుచేసినది స్విట్జర్లాండు సంస్థ సీబా.

కుప్పమున 1997లో నెలకొనిన ద్రావిడ విశ్వవిద్యాలయము మూలికాధ్యయనమునకు ప్రత్యేకవిభాగమునే ఏర్పరచినది. కొరత మొక్కలది కాదు, పత్రములది అంతకన్న కాదు, ఆసుపత్రితోడి పొత్తుది. మదనపల్లెకు ఈ విషయమున పూర్వానుభవము కలదు: అచటి ఆరోగ్యవరము క్షయాలయమునకు చెందిన వైద్యులు 1950 మొదలు 1955 వరకు పరిసరగ్రామములలో అదే జనులను మరల మరల పరీక్షించి గావించిన క్షయవ్యాధి పరిశీలనను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన బులెటిన్‌లో 1960లో ప్రచురించినది. అట్టి ఓపికను నేల ఉసిరికిని, పొడపత్రివంటి ఇతర మూలికలకును ఏల చూపరాదు?

అట్లు చూపదలచిన పరిశోధకుడు పరీక్షనాళిక పట్టుటకు ముందే, సేకరించిన మొక్కను పూతతో, కాతతో అట్టపై అంటించి, ఊరును తేదీని వ్రాసి, వృక్షశాస్త్రజ్ఞునిచే జాతిని ధ్రువపరచుకొని భద్రపరుపవలెను. ఆ అట్టపైననే, దాని గుణమును చెప్పిన పసరువైద్యుని సమ్మతితో, వాని పేరును చేర్చుట నా దృష్టిలో అంతకన్న ముఖ్యము. ఏలయన, 2002 నాటి జీవవైవిధ్య చట్టము విజ్ఞానము నిచ్చినవారికి లాభమున పాలు పంచవలెనని విధించినను, 2023 నాటి సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానమును వాడుకొనువారిని ఆ బాధ్యతనుండి తప్పించినది. గ్రంథమున కెక్కని పసరువైద్యుని విద్యకు మిగిలిన ఆధారము ఆ వ్రాతయే.