టేబుల్ మీద పేర్చిన గెలుపు

టేబుల్ మీద గంజాయి ప్యాకెట్లు, వెనక ముసుగులేసిన నలుగురు, మధ్యలో ఎస్పీగారు. జిల్లా పేజీలో ఈ ఫొటో రాని వారం అరుదు. ఎన్ని కిలోలు పడితే అంత గెలుపని పోలీసులు చెబుతారు, మనమూ తలూపుతాం. నాకు తల ఊగదు.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. అంతకుముందే ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. సాగు బాగా తగ్గిన మాట నిజం, ఆ కష్టాన్ని కాదనను. మరి సరుకు ఆగిందా? ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి ఘాట్ రోడ్ల మీదుగా దిగుతోంది. బస్తాలు ఎక్కువ పట్టుబడ్డాయంటే నిఘా పెరిగి ఉండొచ్చు, రవాణాయే పెరిగి ఉండొచ్చు. ఏది నిజమో ఆ అంకె చెప్పదు.

పట్టుబడేదెవరో చూడండి. 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. 25 కిలోల సంచి మోసిన కూలీకీ, ఆ సంచికి పెట్టుబడి పెట్టినవాడికీ కనీస జైలుశిక్ష ఒకటే. కాకపోతే సంచితోపాటు దొరికేది కూలీ. రెండోవాడు ఎక్కడో ఫోన్‌లో ఉంటాడు. కూలీ లోపలికెళితే ఇంకో కూలీ దొరుకుతాడు. ఫోన్‌లోవాడి దాకా పోవాలంటే నెలల తరబడి బ్యాంకు ఖాతాలు తవ్వాలి. ఆ పనికి ఫొటో రాదు మరి!

ఇదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఒకటుంది. కొద్ది మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తిచేస్తే అతని మీద కేసు నడవదు. ఈ సంగతి ఎన్ని స్టేషన్ల గోడల మీద రాశారు? నిషేధిత మత్తుకు బానిసలైన ఇరవై మందిలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు సుమారు ఒక్కరేనని 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ సర్వే తేల్చింది.

గెలుపును మరోలా కొలిచినవారూ ఉన్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు క్విన్సీ పోలీసులు 2010 నుంచి నలోక్సోన్ స్ప్రే వెంటపెట్టుకుని గస్తీ తిరుగుతున్నారు. హెరాయిన్ మోతాదు మించి ఊపిరి అందనివాడి ముక్కులో కొడితే నిమిషాల్లో తేరుకోవచ్చు. గంజాయికి ఆ మందుతో పనిలేదు, సరే. కానీ అక్కడ బతికించిన మనుషుల్ని కూడా పోలీసు పనికింద లెక్కవేశారు.

మెతకగా ఉంటే పిల్లలు పాడైపోతారని భయపెట్టేవాళ్లు, ఇన్నేళ్ల కాఠిన్యంలో ఎంతమంది బాగుపడ్డారో కూడా చెప్పాలి. వచ్చే ప్రెస్‌మీట్‌లో విలేకరులు కిలోలు రాసుకున్నాక మరో రెండు ప్రశ్నలు వేయొచ్చు: ఈ ఏడాది మీ జిల్లాలో 64ఎ కింద చికిత్సకు వెళ్లినవారు ఎందరు? పెట్టుబడి పెట్టినవాళ్లలో ఎందరికి శిక్ష పడింది?