బాధితులకు తెలియని ఒప్పందం

నేరాన్ని రుజువు చేయవలసిన ప్రాసిక్యూటరే నిందితునితో రాజీ కుదుర్చుకుంటే అందులో బాధితుల స్థానమేమిటి? అమెరికాలో జెఫ్రీ ఎప్‌స్టీన్ కేసు లేవనెత్తిన ప్రశ్న ఇదే.

14 ఏళ్ల బాలికపై లైంగిక అఘాయిత్యం జరిగిందంటూ 2005లో ఫ్లోరిడా రాష్ట్రం పామ్ బీచ్ పోలీసులకు అందిన ఫిర్యాదుతో ఈ కోటీశ్వరుని వ్యవహారం బయటపడింది. కూపీ లాగిన కొద్దీ మరెందరో బాలికల సంగతి తెలిసింది. కాని స్థానిక గ్రాండ్ జ్యూరీ 2006లో మోపినది వ్యభిచారానికి పురికొల్పాడన్న ఒకే అభియోగం. కేసు ఎఫ్.బి.ఐ. చేతికి వెళ్లింది. దక్షిణ ఫ్లోరిడా ఫెడరల్ ప్రాసిక్యూటర్ అలెగ్జాండర్ అకోస్టా కార్యాలయంలో 60 అభియోగాలతో చార్జిషీటు ముసాయిదా కూడా తయారైంది. అది కోర్టు గుమ్మం ఎక్కలేదు.

2007 సెప్టెంబర్ 24న ఒప్పందం కుదిరింది. రాష్ట్ర కోర్టులో రెండు నేరాలు ఒప్పుకుంటే ఫెడరల్ కేసు ఉండదు. నలుగురు సహచరులకు పేర్లతో సహా, ఇతరులకు పేర్లు లేకుండానే రక్షణ లభించింది. 2008 జూన్‌లో పడిన శిక్ష 18 నెలలు. సుమారు 13 నెలలకే విడుదల. అందులోనూ ఎక్కువ కాలం పగలు ఆఫీసులో, రాత్రి జైలులో!

మన దేశంలో ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకోవాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త సంహిత బాధితుల వాదన కూడా వినాలంటోంది. ఫ్లోరిడా ఒప్పందానికి ఏ జడ్జి ఆమోదమూ అవసరం కాలేదు.

తాము జోక్యం చేసుకోకుంటే రాష్ట్ర ప్రాసిక్యూటర్ జైలు లేకుండానే వదిలేసేవారని అకోస్టా 2019 జూలైలో సమర్థించుకున్నారు. నాటి రాష్ట్ర ప్రాసిక్యూటర్ దీనిని ఖండించారు. అకోస్టా వాదనలో కొంత పస ఉందనుకున్నా, అది శిక్ష తగ్గడానికి సమాధానమే గాని గోప్యతకు కాదు. సంతకాలైన తర్వాత, 2008 జనవరిలో సైతం, దర్యాప్తు సాగుతున్నదనీ ఓపిక పట్టాలనీ బాధితులకు ఉత్తరాలు వెళ్లాయి! బాధితులను సంప్రదించాలన్న 2004 నాటి చట్టాన్ని ప్రాసిక్యూటర్లు ఉల్లంఘించారని 2019 ఫిబ్రవరిలో జడ్జి కెన్నెత్ మార్రా తీర్పు చెప్పారు.

అదే ఏడాది జూలైలో ఎప్‌స్టీన్ మళ్లీ అరెస్టు కావడంతో, అప్పటికి కార్మిక మంత్రిగా ఉన్న అకోస్టా రాజీనామా చేశారు. ఆగస్టు 10న ఎప్‌స్టీన్ న్యూయార్క్ జైలులో మరణించాడు. అకోస్టాది వివేకం లోపించిన నిర్ణయమే గాని వృత్తిపరమైన దుష్ప్రవర్తన కాదని 2020లో న్యాయశాఖ విచారణ తేల్చింది.

బాధితురాలి పోరాటం అక్కడితో ఆగలేదు. ఫెడరల్ కేసే దాఖలు కాలేదు గనుక ఆ చట్టం కింద స్వయంగా దావా వేసే హక్కు ఆమెకు లేదని 2021 ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు 7–4 మెజారిటీతో ప్రకటించింది. కేసు దాఖలు కాకపోవడానికి కారణం ఆ ఒప్పందమే. 2022లో సుప్రీంకోర్టు ఆమె అప్పీలును విచారణకు స్వీకరించలేదు.