ఆఫీసు ఫోన్‌కి కావాల్సింది స్పీడ్ కాదు, క్యూలో ముందు చోటు

200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఆఫీసులో కూడా పొద్దస్తమానం "హలో.. హలో.. వినబడుతోందా?" అనే మాటే వినిపిస్తోందంటే, దానికి మందు 300 ఎంబీపీఎస్ ప్లాన్ కాదు. నన్నడిగితే అది డబ్బులు దండగ.

గోదావరిఖనిలో ఐదు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకున్న ఒక చిన్న క్లినిక్ అనుకోండి. నైట్ షిఫ్ట్‌కి వెళ్లే సింగరేణి కార్మికుడు ఫోన్ చేస్తే, అవతల నుంచి "డ్యూటీకి ముందు ఈ మాత్ర వేసుకోవద్దు" అన్నారు. మన భాషలో అవునో కాదో తేలేది మాట చివర్లోనే. ఆ "వద్దు" ఎగిరిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి ఒక్కో వైపు దాదాపు 87 కేబీపీఎస్ చాలు. ఐదు కాల్స్ ఒకేసారి నడిచినా అర ఎంబీపీఎస్ దాటదు. గొంతు 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకి 50 ప్యాకెట్లుగా వెళ్తుంది. వరసగా పది పోతే ఒక అక్షరం పోయినట్టే.

మరి ఎక్కడ పోతున్నాయి? అప్‌లోడ్‌లో. సీసీటీవీ బ్యాకప్పో, స్కాన్ ఫైళ్లో క్లౌడ్‌కి ఎక్కుతుంటే, బొగ్గు టిప్పర్ల వెనక అంబులెన్స్ ఇరుక్కున్నట్టు గొంతు ప్యాకెట్లు క్యూలో ఆగిపోతాయి. రోడ్డు వెడల్పు చేస్తే ఇంకో నాలుగు టిప్పర్లు వస్తాయి, అంతే. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని ఐటీయూ సిఫార్సు. పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి పింగ్ చూడండి. 20 ఉన్నది 400కి ఎగబాకితే దొంగ దొరికినట్టే.

ప్లాన్ మార్చే ముందు ఇవి చేయండి:

- రౌటర్‌లో ఎస్‌క్యూఎం ఆన్ చేసి, అప్‌లోడ్‌ని అసలు స్పీడ్‌లో 85-90 శాతానికి కట్టేయండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే రౌటర్లలో కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ రెండూ ఉచితం.
- సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి. ఒకవైపే మాట వినపడటం, సరిగ్గా 32 సెకన్లకి కాల్ కట్ అవడం చాలాసార్లు దీని పనే.
- టేబుల్ ఫోన్లకి వైఫై వద్దు, లాన్ కేబుల్ వేయండి.
- ఫైబర్ బాక్స్, రౌటర్, స్విచ్, ఫోన్లు అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంట్ ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది. దీనికి రాదు.

"ఇంత గోల ఎందుకు, రెండు సిమ్‌లు పెట్టుకుంటే పోలా?" అంటారా? ఒక్కరే మాట్లాడే షాపుకి అదే బెటర్. కానీ కాల్‌ని రిసెప్షన్ నుంచి డాక్టర్‌కి, అక్కడి నుంచి ల్యాబ్‌కి మార్చాలంటే ఎక్స్‌టెన్షన్లు కావాల్సిందే. 1999లో మార్క్ స్పెన్సర్ రాసిన ఆస్టరిస్క్ ఆ పనిని ఫ్రీగా, పాత పీసీ మీద కూడా చేస్తుంది.

నా కంప్లయింట్ మన రివ్యూల మీదే. రౌటర్ అనగానే డౌన్‌లోడ్ స్పీడ్ స్క్రీన్‌షాట్ పెట్టి మార్కులు వేసేస్తాం. అప్‌లోడ్ నిండుగా ఉన్నప్పుడు ఒక్క కాల్ చేసి, గొంతు ఎలా వినిపించిందో రాసేవాళ్లు తక్కువ. చిన్న ఆఫీసు ఓనర్ మన మాట నమ్మి కొంటాడు. కాబట్టి ఇకపై ఏ రౌటర్ రివ్యూలోనైనా ఆ ఒక్క టెస్ట్ లేకపోతే, కింద కామెంట్లో మొహమాటం లేకుండా అడగండి.